జలపాతానికి పెద్ద మోటారు

భీమవరం,
జూన్ 18, 2025.

ఆశీర్వాదం అన్నయ్యకి అచ్చిబాబు నమస్కారాలు. నరసాపురంలో వదినా, పాపా బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా కులాసా అని రాయాలి గానీ నా చేత కావడం లేదు.

నిన్న ఫోన్లో ఎంత సంబరపడ్డావు. మా అయ్యగారు జగన్నాథరావు గారు మళ్ళీ నీ దగ్గరే రంగు చేపలు అడిగారని, ఈ బేరంతో ఇంకో తొట్టి కట్టుకుని ఐసు ఫ్యాక్టరీ పని మానేస్తానని చెప్పావు. అయ్యగారు పక్కనే కూర్చున్నారు. ఊఁ కొట్టి పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

ఆయన కొత్తింటి ముందు కొలనుకి ఫిల్టరు డ్రమ్ము మనిద్దరమే అమర్చాం. దానికి తగ్గ చిన్న పంపే పెట్టాం. నీళ్ళు డ్రమ్ములోని రాళ్ళ మధ్య నెమ్మదిగా దిగాలి, రాళ్ళకి పట్టిన జిగురే చేపల మురికిని తినేస్తుందన్నావు. నేను నమ్మక వీడియోలన్నీ చూసి మరీ నమ్మాను.

గృహప్రవేశానికి ముందు అయ్యగారికి డ్రమ్ములోంచి కొలనులోకి పడే జలపాతం ధార నచ్చలేదు. ఇదేంట్రా, ముసలాడు ఉచ్చపోసినట్టుంది అన్నారు. రొయ్యల చెరువు దగ్గర నీళ్ళు తోడే మోటారు తెచ్చి బిగించారు. డ్రమ్ము తట్టుకోలేదండి, జిగురంతా కొట్టుకుపోద్దండి అన్నాను. ఎకరాలకెకరాల చెరువులు చేసినోణ్ణి, నీళ్ళు ఎంత తిరిగితే అంత మంచిది, ఈ కుండెడు నీళ్ళ గురించి నువ్వు నాకు నేర్పుతావా అన్నారు. చెరువులో చక్రాలు తిప్పేది నీళ్ళకి గాలి పట్టడం కోసం, ఇక్కడ కావలసింది వడపోత. అది చెప్పబోతే, డాక్టరుగారొచ్చారు, కుర్చీ వెయ్యండి అని చుట్టాల ముందు నవ్వించారు. అమ్మగారు మాణిక్యాంబమ్మ గారొక్కరే, గోదారి వరదొచ్చినట్టుందండీ, కాస్త తగ్గించండి అన్నారు. ఆవిడకి టీవీ వినపడక.

ధార మాత్రం బ్రహ్మాండంగా దూకింది. వచ్చినవాళ్ళంతా దాని ముందు సెల్ఫీలు దిగారు. డ్రమ్ము పైనుంచి నురగ, కొలనులో మురికి. ఎవరూ చూడనప్పుడు వాల్వు సగం కట్టేసేవాణ్ణి. అది కనిపెట్టి వాల్వు పిడే ఊడదీయించారు.

నుదుట నల్ల మచ్చ ఉన్న చేప, ఆ బొట్టిది ఎలా ఉందని పాప అడిగిందన్నావు. ఈ ఉత్తరం పాపకి చూపించకు.

ఇట్లు,
ఏ మాటా చెల్లించుకోలేని నీ తమ్ముడు,
అచ్చిబాబు.

తా.క.: నీ చేపలు ఒక్కటీ లేవన్నయ్యా. గృహప్రవేశమైన వారంలోపే తేలిపోయాయి. గన్నేరు మొక్కల కింద నేనే పాతాను. అందుకే అవే రంగులు, అదే సైజు అడిగారు. కాబోయే వియ్యాలవారు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు, కొలను ఖాళీగా ఉండకూడదట. మోటారు మార్చరట. నువ్వు ఇవ్వకపోతే ఇంకోచోట తెస్తారు. ఇస్తే మళ్ళీ గొయ్యి తవ్వేది నేనే. పంపొద్దని రాద్దామనే కూర్చున్నాను. నీ ఐసు ఫ్యాక్టరీ గుర్తొచ్చి చెయ్యాడలేదు. పంపితే మాత్రం, బొట్టిదానిలా చెయ్యి చూడగానే దగ్గరికొచ్చే చేపని పంపకు.