వదినకు బ్రాకెట్ల పాఠం

ఎర్రగుంట్ల,
12 ఫిబ్రవరి 2025.

వదిన హంపమ్మకు మరదలు శివలీల నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ అందరూ బాగున్నారనే అనుకుంటాను, నీ లెక్కలు తప్ప.

ఫోన్‌లో చెబితే ఇద్దరం అరుచుకుంటున్నాం కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. x² + 7xy + 12y² ఇస్తే నువ్వు (x + 2y)(x + 6y) అని పంపావు. రెండూ ఆరూ గుణిస్తే పన్నెండే, కాదనను. కూడితే ఎనిమిది కదా వదినా! మధ్యలో ఉన్నది ఏడు. గుణిస్తే పన్నెండు, కూడితే ఏడు రావాలి. మూడు, నాలుగు. (x + 3y)(x + 4y). ఇంతే. దీనికే నా గొంతు పోయింది. రాశాక రెండు బ్రాకెట్లనూ గుణించి చూసుకోమంటే, అంత ఓపిక యాడుండాదంటావు. ఉప్పు చూడకుండా పప్పు ఎప్పుడైనా దింపావా?

పోయిన ఆదివారం నీకు నేర్పడానికే కోడుమూరు వచ్చాను. పుస్తకం తెరిచామో లేదో, మా వీరభద్రన్న టీవీ సౌండు పెంచాడు. తర్వాత టీ అన్నాడు. తర్వాత తువ్వాలు కనపడలేదన్నాడు, అదేమో ఆయన భుజం మీదే ఉంది. పిలిచినప్పుడల్లా నువ్వు లేచిపోయావు. చివరికి, "నా తలకాయకు ఎక్కదులే శివలీలా, పరీక్ష ఇడిసిపెడతాండా. పిల్లోళ్లకు గుడ్లు ఉడకబెట్టేదానికి ఈ ఎక్స్‌లు, వైలు యాడ పనికొస్తాయి?" అన్నావు. నేను అన్నం కూడా తినకుండా వచ్చేశాను. పది పాసైతేనే అంగన్‌వాడీలో ఆయా నుంచి టీచరు కావచ్చని చెప్పిందెవరు? ఓపెన్ స్కూల్లో చేర్పించమని నా వెంట పడిందెవరు? నేనా?

మార్చిలో పరీక్ష. మానేశావంటే నీతో మాట్లాడను. ఇంకో లెక్క ఇస్తున్నాను: x² + 9xy + 20y². చేసి పంపు.

నీ మరదలు,
శివలీల.

తా.క.: అసలు సంగతి పైన రాయడానికి చేయి రాలేదు. ఆ రోజు అన్న నన్ను బస్టాండు దాకా దింపాడు. నేను తిట్టేలోపే తల వంచుకుని, "నేను పదిలో పోయింది ఆ బ్రాకెట్ల కాడనేమ్మా. పెండ్లప్పుడు పాసని అబద్ధం చెప్పినాం. ఇప్పుడు మీ వదిన పాసైతే నన్ను మనిషి లెక్కన చూస్తాదా?" అన్నాడు. అప్పుడు నేను చిన్నదాన్ని, నాకూ పాసనే తెలుసు. శానా కోపమొచ్చింది, శానా జాలి కూడా వేసింది. బస్సు వచ్చేదాకా నిలబెట్టి రెండు లెక్కలు చేయించాను. ఒకటి వచ్చింది. "మీ వదినకు నువ్వే చెప్పు, నాకు నోరు రాదు" అన్నాడు. చెప్పేశాను. ఆదివారం వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టి చెబుతాను. ఆయన్ని తిట్టేదేదో ఈలోపే తిట్టేసి ఉంచు, నాకు టైం ఉండదు.