కదపకూడని కాలు

అక్కా,

ఉత్తరం తెచ్చిన మనిషితోనే బయల్దేరి రా.

మూడేళ్లుగా మానని నా కాలి పుండుకు డాక్టరుగారు ఈసారి కొత్త వైద్యం చేశారు. నా రక్తమే తీసి, మిషన్‌లో గిర్రున తిప్పి, పైకి తేలిన పసుపుపచ్చటి నీరు పుండు మీద వేసి, తొడ చర్మం దానిపైన అతికించారు. పోయినసారి ఉత్తగా అతికించిన చర్మం ఊడిపోతే, "నీ రక్తానికి సత్తువ చాల్లేదయ్యా" అన్నారు పాపం. ఇంటికెళ్లిన మర్నాడే సెలూన్ తెరిచి పొద్దంతా నిలబడ్డానని నేను నోరు విప్పితేగా!

ఐదు రోజులు కాలు కింద పెట్టకూడదు. నీ మరదలు నన్ను నమ్మలేదు. గిరాకీల మెడకు చుట్టే గుడ్డతోనే నా పాదాన్ని మంచానికి కట్టేసింది. ముప్పై ఏళ్లుగా అందరినీ "కదలకండి" అన్నవాణ్ణి, ఇప్పుడు అందరూ నన్నే అంటున్నారు.

నిన్న తను టీకి వెళ్లింది. పక్క మంచం పెద్దాయనకు ఆపరేషనని వార్డుబాయ్ గడ్డం గీస్తున్నాడు. గీయడం కాదక్కా, గీకడం. రక్తం కారుతోంది. "ఇటివ్వవయ్యా" అని ముడి విప్పుకుని లేచాను. ఐదు నిమిషాలే.

తను తిరిగొచ్చి, నేను వేసిన ముడి చూసింది. విప్పి మళ్లీ తనే కట్టింది.

కట్టు మీద తడి మరక కనిపిస్తోంది. దుప్పటి కప్పేశాను. రేపు కట్టు విప్పుతారు. నువ్వు పక్కనుంటే డాక్టరుగారికి నిజం చెప్పేస్తాను.

పొద్దున డాక్టరుగారు పెద్దాయన చెంప నిమిరి, "ఇంత నున్నగా ఎవరు గీశారయ్యా?" అన్నారు. వార్డంతా నావైపే చూసింది. నీ మరదలు మాత్రం ముడిని ఇంకాస్త బిగించింది.

నీ తమ్ముడు