అరుగంత ఎత్తు బండి

ఆత్మకూరు బజారు వీధిలో కాపురముంటున్న నేను, కీర్తిశేషులు పబ్బిశెట్టి మల్లికార్జునం గారి భార్య రేణుకాదేవిని, అరవై ఏడేళ్ళ వయసులో నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. చక్కెర జబ్బు నా చూపును కొంత తినేసింది గానీ బుద్ధి జోలికి రాలేదు. ఇది రాయమని నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలనూ లేదు. నేను బతికున్నంత కాలం నావి నావే. నా తర్వాత ఈ కాగితంలో ఉన్నట్టు జరగాలి. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఎవరైనా తెచ్చి చూపిస్తే అది నాది కాదు.

దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురు రాధికకు అప్పగిస్తున్నాను. కావలిలో ఉన్నా, ఒక పని ఒప్పుకుంటే అయ్యేదాకా నిద్రపోయే మనిషి కాదు.

1. పప్పుల హోల్‌సేల్ అంగడిలో నా వాటా, అంగడి వెనక మేముంటున్న ఇల్లు నా కొడుకు మోహన్‌కృష్ణకు చెందాలి. అంగడిని వాడు వాళ్ళ నాయన కంటే బాగా నడుపుతున్నాడు.

2. నా ఒంటి మీద, బీరువాలో ఉన్న బంగారం రాధికకు. ఉదయగిరి కొయ్య గరిటెలు, చెంచాలు కూడా దానికే. వాటిని గాజు బీరువాలో పెట్టవద్దు. వాటితో కలపాలి, వడ్డించాలి.

3. మా మరిది ఆనందకుమార్ ఒకసారి పెళ్ళికని మా బండి అడిగి తీసుకుపోయి, ఎడమ తలుపు లోపలికి పోయిన బండిని తెచ్చి నిలబెట్టాడు. "బర్రె తగిలింది వదినా" అన్నాడు. ఆ సొట్టలో ఎర్ర పెయింటు అంటుకుని ఉంది. ఎర్ర పెయింటు వేసుకున్న బర్రెను నేను ఇంతవరకు చూడలేదు. ఆ మాట అప్పుడే అనేదాన్ని, మా ఆయన కళ్ళతోనే వద్దన్నారు. అయినా అన్న మీద ప్రాణం పెట్టుకున్న తమ్ముడు. ఆయన చేతి గడియారం ఆనందకుమార్‌కు ఇవ్వాలి.

4. బండి. పైవన్నీ రాయకపోయినా నా పిల్లలు సర్దుకునేవాళ్ళు. ఈ ఒక్కటీ రాయకపోతే జరగదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

2013లో నెల్లూరులో కొన్న బూడిద రంగు డీజిల్ బండి అది. చిన్న ఎస్‌యూవీ అంటారు. అప్పట్లో మా అత్తగారు శీనమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. కారులోకి వంగి దిగలేకపోయేది, జీపులోకి కాలెత్తి ఎక్కలేకపోయేది. ఆయన ఆమెను వెంటబెట్టుకుని షోరూముకు పోయి, ఉన్న బళ్ళన్నిట్లో కూర్చోబెట్టి చూశారు. అమ్మే కుర్రవాడు ఇంజను బలం గురించి, పాటల పెట్టె గురించి చెబుతూనే ఉన్నాడు. అత్తగారు ఈ బండిలో కూర్చుని, కాళ్ళు కింద ఆనించి, మళ్ళీ లేచి నిలబడింది.

"ఇది మన అరుగంత ఎత్తుండాదిరా. ఇట్టా కూచోని అట్టా లేయొచ్చు. ఇదే కొను" అంది.

పొడవు నాలుగు మీటర్లకు లోపు కాబట్టి పన్ను తక్కువని ఆ కుర్రవాడు చెప్పాడు. ఈయనకు ఆ మాట పట్టలేదు. అంగడి పక్క సందులో పడుతుందా లేదా అని జేబులోంచి టేపు తీసి కొలుచుకున్నారు. పడింది.

ఆదివారాలు ఉదయగిరి పోయేవాళ్ళం. అత్తగారు ముందు సీట్లో, నేను వెనక, నా పక్కన ఉడకబెట్టిన చెనక్కాయల సంచి. దుత్తలూరు దాటిన తర్వాత రోడ్డు గతుకులైనా బండి పొట్ట నేలకు తగిలేది కాదు. దూరాన ఉదయగిరి కొండ నీలంగా లేచేసరికి ఆయన అద్దాలు దించేవారు. ఎండిన గడ్డి వాసన, వేడి గాలి లోపలికొచ్చేవి. అత్తగారు పోయిన తర్వాత ముందు సీట్లోకి రమ్మని ఆయన చాలాసార్లు పిలిచారు. నాకు మనసొప్పక వెనకే కూర్చున్నాను. నేను ముందుకు రాకముందే ఆయనా పోయారు.

ఆ తర్వాత బండి సందులో పట్టా కప్పుకుని పడి ఉంది. ఎలుకలు వైర్లు కొరికాయి. "ఎవురు తోలతారమ్మా, అమ్మేద్దాం" అన్నాడు మోహన్‌కృష్ణ. వాడికి స్కూటరు చాలు. నేను ఒప్పుకోలేదు. కొడుకూ కూతురూ తమకు అభ్యంతరం లేదని సంతకాలు చేశాక బండిని నా పేరు మీదికి మార్పించుకున్నాను. కాబట్టి సదరు వాహనం సంపూర్ణంగా నా సొంతం, దాన్ని ఎవరికైనా ఇచ్చే హక్కు నాదే అని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

పట్టా తీసింది నా కోడలు అనుపమ. నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్ చదివేటప్పుడే డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు కూడా తీసుకుందట. మామగారు తాళంచెవి ఎవరికీ ఇచ్చే మనిషి కాదు కాబట్టి ఇన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు.

"నువ్వు నేర్చుకో అత్తా. నేను నేర్పిస్తా" అంది.

"ఈ వయసులోనా? జనం నవ్వుతారు గదమ్మే!"

"నవ్వనీ. నువ్వు రోడ్డు చూడు, వాళ్ళ మొహాలు చూడబాక."

మార్కెట్ యార్డులో బస్తాల లారీలు రాకముందే పొద్దున్నే పోయేవాళ్ళం. "క్లచ్చి మీద కాలు ఒక్కసారిగా తీయబాకత్తా. నిద్రపోయే బిడ్డను ఒళ్ళోంచి దించతావే, అట్టా తీయాల" అనేది. బండి గుర్రంలా ఎగిరి ఆగిపోయినప్పుడల్లా ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. నేను అంతగా నవ్వింది ఆ రోజుల్లోనే. లైసెన్సు పరీక్షనాడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు నన్ను చూసి, "మీరేనా అమ్మా తోలేది?" అని రెండుసార్లు అడిగాడు. నేను తోలాను. ఆ సాయంత్రం అనుపమ ఇంట్లో అందరికీ పాయసం చేసింది.

తర్వాత ఆ పిల్ల ఉద్యోగం చేస్తానంది. మోహన్‌కృష్ణ ఒప్పుకోలేదు. "మన ఇంటి ఆడది ఊరోళ్ళ నెత్తురు తీసేదేంది?" అన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరి మధ్య మాటలు మాత్రం రోజురోజుకూ తగ్గిపోయి, చివరికి అన్నం పెట్టనా అని కూడా నా ద్వారానే అడిగించుకునే స్థితికి వచ్చారు. అనుపమ ఎదురుచూసి ఎదురుచూసి, వాళ్ళ పిన్నమ్మ ఉండే ఉదయగిరిలో చిన్న గది అద్దెకు తీసుకుని ల్యాబ్ పెట్టుకుంటానని చెప్పింది.

"పోతే పో. మా బండి మాత్రం ఈడ నుంచి కదలదు" అన్నాడు వాడు గుమ్మంలో నిలబడి.

"బండి నా పేరు మీద ఉండాది నాయనా. నేను తోలతా" అన్నాను.

వాడు పక్కకు తప్పుకున్నాడు. వెనక సీటు మడిస్తే ఎంత చోటు వస్తుందో ఆ రోజు తెలిసింది. అనుపమ పెట్టెలు, మంచం చట్రం, చిన్న ఫ్రిజ్ అన్నీ పట్టాయి. మైక్రోస్కోపును మాత్రం కింద పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. మెరక ఎక్కేటప్పుడు వెనక లారీ హారన్ కొడుతుంటే నాకు ఇంజను ఆగిపోయింది. అనుపమ చెయ్యి చాచి ఏదీ ముట్టుకోలేదు. నేనే మళ్ళీ స్టార్ట్ చేసి ఎక్కించాను. అంత దూరం నేను తోలడం అదే మొదలు, అదీ నా కోడల్ని నా ఇంట్లోంచి పంపించడానికి.

సామాను దించాక తలుపు పట్టుకుని నిలబడింది.

"పోయేటప్పుడు పక్కన ఎవురూ ఉండరు. భయం లేదా అత్తా?"

"ఉండాది. అయినా పోతా."

వచ్చే దారంతా పక్క సీటు ఖాళీగా ఉంది. నేను ఏడ్చాను గానీ బండిని సరిగ్గానే తోలాను.

కోర్టులో విడాకులు అయ్యాక కూడా మా ఇద్దరికీ తెగలేదు. నా చక్కెర పరీక్షకు నెత్తురు తీసేది ఇప్పటికీ ఆ పిల్లే. తనకు వారంలో కొన్ని రోజులు సీతారామపురం వైపు పల్లెలకు పోయి నెత్తురు తీసుకొచ్చే పని. బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఐసు పెట్టె భుజాన వేసుకుని నడవడమే. నాకు వీలైనప్పుడల్లా నేను తీసుకుపోయేదాన్ని. చెరువు కింది పల్లెలో వెంగమ్మ అనే ముసలమ్మ సూది చూడగానే కళ్ళు మూసుకుని, "అయిపోయిందా?" అని గుచ్చకముందే అడిగేది. ఇప్పుడు కళ్ళ డాక్టరు నన్ను బండి తోలవద్దన్నాడు.

కాబట్టి సదరు వాహనాన్ని, దాని కాగితాలతో, రెండు తాళంచెవులతో సహా, ఉదయగిరిలో ఉంటున్న అనుపమకు ఇస్తున్నాను. ఆమె నాకేమవుతుందని ఎవరైనా అడిగితే, నాకు బండి నేర్పిన మనిషని రాధిక చెప్పాలి. నా వారసులెవరూ దీనికి అడ్డు చెప్పకూడదు.

5. అనుపమకు కొన్ని మాటలు. నా మరణ పత్రం, ఈ వీలునామా చూపించి ఆర్‌సీ నీ పేరుకు మార్పించుకో. ఇన్సూరెన్సు కూడా మార్పించు, చాలామంది అది మర్చిపోతారు. పదిహేనేళ్ళు నిండేటప్పటికి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఈ సైజు బండిలో డీజిల్ ఇంజను ఆ కంపెనీవాళ్ళు మానేశారు, సామాన్లు మాత్రం నెల్లూరులో దొరుకుతున్నాయి. ఊళ్ళో తిప్పి ఆపేస్తుంటే డీజిల్ బండికి పడదు, దూరం పోనివ్వాలి. చూడ్డానికి జీపులా ఉన్నా ముందు చక్రాలే లాగుతాయి. వానొచ్చినప్పుడు వాగు దాటించబాక. ఎవరైనా పొగిడి అడిగినా ఆనందకుమార్‌కు ఇవ్వబాక. అద్దాలు దించుకుని పో.

6. ఇది రాయడం ముగించాక, నా తర్వాత తెలిసి బాధపడటం కంటే ఇప్పుడే తెలియడం మేలని మోహన్‌కృష్ణను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. వాడు లేచి అంగడిలోకి పోయాడు. మర్నాడు సందులో బండి లేదు. అమ్మేశాడేమోనని బీరువా తెరిచి బండి కాగితాలు చూసుకున్నాను. సాయంత్రం మెకానిక్ దగ్గర నుంచి తీసుకొచ్చి నిలబెట్టాడు. కడిగించాడు, కొత్త బ్యాటరీ వేయించాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి, ఎటో చూస్తూ అన్నాడు.

"స్టెప్నీ కూడా కొత్తది ఏయించినానమ్మా. సీతారామపురం దారిలో పంచరైతే ఆమెకి ఆడ ఎవురుండారు?"

ఆ మాట ఈ కాగితంలో ఉండాలని ఈ అంశం చేర్చాను.

పైన రాసినదంతా సాక్షుల ఎదుట మరోసారి చదువుకుని, నా ఇష్టప్రకారమే ఉందని నమ్మి, వాళ్ళు చూస్తుండగా సంతకం చేస్తున్నాను.

ఆత్మకూరు,
2025 నవంబరు 17

(సంతకం) పబ్బిశెట్టి రేణుకాదేవి

సాక్షులు:
1. యేసురత్నం, రిటైర్డ్ టీచరు, బజారు వీధి, ఆత్మకూరు
2. నారాయణయ్య, బట్టల అంగడి, ఆత్మకూరు