మంచులో రేకు చప్పుడు

అక్టోబరు 27, ఆదివారం
మన ఇల్లు, సాయంత్రం

అక్కకి,

చెల్లెలి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగిపోయాను. రెండు వైపులా క్షేమంగా ఉంటే రాసే మాట అని మా మాస్టారు ఈమధ్యే చెప్పారు. నీ వైపు సంగతి నువ్వు చెప్పవు. మా వైపు సంగతి చెబితే వినవు. ఫోన్‌లో నాన్న మాటెత్తగానే పెట్టేస్తావు. అందుకే కాగితం పట్టుకున్నాను. దీన్ని చింపెయ్యగలవనుకో. చింపేముందు ఈ ఒక్కటీ చదువు: ఈ రోజు పొద్దున మంచులో నేను రేకు కొడుతూనే ఉన్నాను, నాన్న పడవ మన రేవు దాటి వెళ్ళిపోయింది.

సెలవులిచ్చారని మొన్ననే వచ్చాను. చెరువు తగ్గింది. రేవు మెట్ల మీద నీళ్ళు దిగిన గీత మిగిలింది. రెల్లు తెల్లగా పూసింది. ఆకులు పండి ఒక్కొక్కటే నీళ్ళలో పడుతున్నాయి, ఎవరో తొందరేమీ లేకుండా ఉత్తరాలు పోస్టు చేస్తున్నట్టు. ఈ కాలాన్ని శరత్తు అంటారని కాలేజీలో చేరాకే తెలిసింది. మనం దానికి పెట్టుకున్న పేరు వేరు కదా, పడవలు బోర్లించే రోజులు. రెల్లు కోతలయ్యాక పడవల్ని ఒడ్డుకి లాగి, బోర్లించి, తారు పూసేవాళ్ళు. మనం కిందకి దూరేవాళ్ళం. తారు వాసన, పలకల సందుల్లోంచి గీతలు గీతలుగా ఎండ. నడిపేదానివి నువ్వు, ఎక్కేదాన్ని నేను. బోర్లాపడ్డ పడవలో ఎక్కడికీ కదలకుండానే నన్ను ఎన్ని ఊళ్ళు తిప్పావో! దిగేటప్పుడు చార్జీ కింద నా జుట్టులోంచి ఒక వెంట్రుక పీకేదానివి. నాకింకా గుర్తే.

మంచు పొద్దులు కూడా గుర్తే. ఒడ్డు కనబడనప్పుడు ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి వరసలో రేకు కొట్టేవాళ్ళు. ఆ చప్పుడు పట్టుకునే పడవలు రేవు చేరేవి. దగ్గరికొచ్చాక తెడ్డుతో పడవ అంచు మీద తట్టి, వస్తున్నామని జవాబిచ్చేవాళ్ళు. మన వరస రెండు బరువు దెబ్బలు, ఒక తేలిక దెబ్బ. రేకంటే అమ్మ పిండి డబ్బా మూతే. అమ్మ పోయాక ఆ పని మనకొచ్చింది. నీకు ఓపిక తక్కువ, చివర్లో ఇంకో చిన్న దెబ్బ విసిరేదానివి. రేవులో అందరూ దాన్ని తోక అనేవాళ్ళు. పెద్దదాని తోక వినబడింది, ఇక మా అన్నయ్య ఇల్లు చేరినట్టే అనేవాడు బాబాయి. నేను కొడితే మాత్రం, ఇది పడవని పిలుస్తోందా, దోమల్ని తోలుతోందా అని నవ్వేవాడు.

ఈ పొద్దున మంచులో నా చేతి వేళ్ళే నాకు కనబడలేదు. నాన్న వలలు తియ్యడానికి వెళ్ళాడు. నేను రేవు రాతి మీద కూర్చుని కొడుతున్నాను. తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు దగ్గరికొచ్చింది. అంచు మీద తడతాడని చూశాను. తట్టలేదు. నా ముందునుంచే, పలకరిస్తే పలికేంత దూరంలో, రాళ్ళ గుట్టకేసి వెళ్ళిపోయాడు. నాన్నా అని అరిచాను. ఒడ్డునే ఉన్న బాబాయి కూడా అరిచాడు. ఆ తర్వాత చెక్క రాయిని గుద్దుకున్న చప్పుడు. బాబాయి తన పడవ తోసుకుని వెళ్ళి, తాడు కట్టి లాక్కొచ్చాడు. పడవ ముందు పలక పగిలింది. నాన్న మోకాలు చెక్కుకుపోయింది. దిగుతూనే నా మీద పడ్డాడు, రేకు కొట్టడం మానేసి పుస్తకంలో తల దూర్చావా అని. నేను అప్పటికీ కొడుతూనే ఉన్నాను, అక్కా. ఆయన నా చేతిలో కర్రకేసి చూశాడు. అది రేకు మీద పడుతోంది, లేస్తోంది. మాటలంటే నాకు ఈమధ్య పిచ్చి, నీకు తెలుసు. ఆ మొహానికి మాత్రం నాకు మాట దొరకలేదు.

నాన్న ఇంట్లోకి వెళ్ళాక బాబాయి చెప్పాడు. మీ నాన్నకి చెవులు పోయి చాలా కాలమైందే, మన నోళ్ళు చూసి నెట్టుకొస్తున్నాడు, మంచులో నోళ్ళెక్కడ కనబడతాయి అన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని గట్టిగా అడిగాను. చెబితే నన్ను చెరువులో ముంచుతానన్నాడు, అన్నంత పనీ చేసే మనిషి కదా అన్నాడు. అప్పుడు ఒక్కొక్కటే తెలిసొచ్చాయి. వచ్చిన రోజునుంచీ నేను నాన్నకి నా కవితలు చదివి వినిపిస్తున్నాను. ప్రతిసారీ చదవడం ఆపి తలెత్తగానే, బాగుందే అనేవాడు. సరిగ్గా తలెత్తగానే. నేనెంత పొంగిపోయానో!

తర్వాత నువ్వు గుర్తొచ్చావు. అప్పట్లో రేవులో అందరి ముందూ నీ చేతిలోంచి తెడ్డు లాక్కుని, ఈ నీళ్ళ బతుకు నాతోనే ఆఖరు, పో, పోయి చదువుకో అన్నాడు. నువ్వు చదువుకీ పోలేదు, ఇంట్లోనూ ఉండలేదు. బట్టలు కుట్టే కార్ఖానాలో చేరిపోయావు. నిరుడు ఇదే రోజుల్లో, నేను హాస్టల్లో ఉండగా, మంచులో మొదటి బస్సు దిగి వచ్చావు. నాన్న నీళ్ళకేసి కూర్చుని రేకు కొడుతున్నాడు. వెనక నిలబడి నాన్నా అని పిలిచావు. ఇంకోసారి, ఇంకా గట్టిగా పిలిచావు. ఆయన తిరగలేదు. అదే బస్సుకి వెళ్ళిపోయావు. దారినపోయేవాడు పిలిచినా తిరుగుతాడే, నేను అంతకన్నా కానిదాన్నయ్యానా అని నాకు ఫోన్ చేసి ఏడ్చావు. నేనూ నీ మాటే నమ్మాను. ఏడాదిగా, మొన్న ఈ కవితలు చదివేదాకా, నాన్నతో ముభావంగానే ఉన్నాను.

అక్కా, ఆయనకి వినబడలేదు.

మధ్యాహ్నం రేవులో నాన్నకి ఈ సంగతి చెప్పాను. నోటితో చెప్పే ధైర్యం లేక, బొగ్గు తీసుకుని రేకు వెనక రాశాను. నిరుడు అక్క వచ్చింది, రేవులో నీ వెనక నిలబడి పిలిచింది అని. కూడబలుక్కుని చదివాడు. ఎన్నిసార్లు పిలిచింది అని అడిగాడు. రెండు వేళ్ళు చూపించాను. మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ రెల్లు తప్ప ఎవరూ లేరు.

ఇక చెరువులోకి వెళ్ళనని తనే బాబాయితో చెప్పాడు. రేపు మన పడవని బోర్లిస్తున్నారు. ఈసారి తారు పూసి మళ్ళీ తిరగెయ్యడానికి కాదు. నీ తెడ్డు ఇంకా గోడకి వేలాడుతూనే ఉంది. నిన్నటిదాకా దాన్ని చూస్తే నాకు నాన్న మీద కోపం వచ్చేది.

నువ్వు రాకపోతే రాకు, కానీ ఆయన మీద కోపంతో మాత్రం ఉండకు. అది అడగడానికే ఇదంతా రాశాను.

ఇప్పటికీ నీ పడవ దిగని ప్రయాణికురాలు,
నీ చెల్లి

తా.క. ఉత్తరం మడుస్తుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. నిరుడు నువ్వొచ్చిన పొద్దున ఆయన బాబాయి పడవ కోసం రేకు కొడుతున్నాడని నువ్వూ అనుకున్నావు, నేనూ అనుకున్నాను. ఆ వారమంతా బాబాయి జ్వరంతో పడుకున్నాడట. మన పడవా ఒడ్డునే ఉందట. మరి ఎవరికోసం కొట్టావని, పెదాలు కనబడేలా అడిగాను. రేకు ఒళ్ళో పెట్టుకుని కొట్టి చూపించాడు. రెండు బరువు, ఒకటి తేలిక, చివర్లో తోక.

నువ్వు ఇల్లు వదిలి వెళ్ళినప్పటినుంచీ, తను ఒడ్డున ఉంటే, మంచు పడ్డ ప్రతి పొద్దునా కొడుతున్నాడట. నువ్వు వెళ్ళింది బస్సులో. అయినా ఎటు పోయినవాళ్ళనైనా ఇంటికి పిలవడానికి ఆయనకి తెలిసింది అదొక్కటే. నువ్వు వెనక నిలబడి పిలిచినప్పుడు ఆయన నిన్నే పిలుస్తున్నాడు. నీ తోక నీకూ వినబడలేదా? కోపంలో ఉన్నప్పుడు ఎవరికి వినబడుతుందిలే. నాన్న ఇంకో మాట కూడా అన్నాడు: జవాబొచ్చినా నాకు తెలీదు కదే, అందుకే ఆపకుండా కొట్టేవాణ్ణి అని.

రేపు పొద్దున ఈ ఉత్తరం మొదటి బస్సు డ్రైవరు చేతికిస్తాను. మీ కార్ఖానా గేటు ముందునుంచే వెళ్తాడు. అటునుంచి అటే రేవుకి పోతాను. మంచు ఉన్నా లేకపోయినా రేకు కొడతాను, నీలాగే, తోకతో. నాన్న అదురు తెలిసేలా రేకు మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంటానన్నాడు. ఎప్పుడైనా నువ్వు వస్తే వెనకనుంచి పిలవకు. నీళ్ళలోకి దిగాల్సి వచ్చినా సరే, ఆయన ముందుకొచ్చి నిలబడు.