కుట్టుమిషను కిందే ఉండనీ

చిన్నీ,

ఏరు గట్టు దాటేలా ఉందని మైకులో చెబుతున్నారు. జనం బడికి చేరుతున్నారు. బడి తాళాలు నా దగ్గరున్నాయి కాబట్టి నువ్వొచ్చేదాకా ఆగలేకపోయాను.

మెయిన్ స్విచ్ ఆపేశాను, మళ్లీ వెయ్యకు. తాగేనీళ్లు, టార్చి, నీ సర్టిఫికెట్లు పైవాటా పిన్నిగారింట్లో పెట్టాను. రాగానే నువ్వూ పైకెళ్లిపో. పెళ్లెప్పుడని ఆవిడ అడుగుతుంది. వరదకన్నా నీకు ఆ ప్రశ్నంటేనే హడలని తెలుసు, ఈ పూటకి ఓర్చుకో. నీళ్లు తగ్గేదాకా వీధిలోకి దిగకు. మూతలు కొట్టుకుపోయిన మురుగు గుంటలు నీళ్లలో కనపడవు.

అమ్మ కుట్టుమిషను ఎత్తడం నా ఒక్కడివల్ల కాలేదు. పోయినసారి అమ్మా నువ్వూ చెరోపక్కా పట్టి మెట్లెక్కించారు. ఈసారి నువ్వొక్కదానివే ప్రయత్నిస్తావని నా భయం. మునిగితే మునగనీ. ఈ ఇంట్లో ఇంకొకరిని పోగొట్టుకుని నిలబడే ఓపిక నాకు లేదు తల్లీ.

నాన్న

మరిచాను. అమ్మ సగం కుట్టి మిషను మీదే వదిలేసిన నీ చొక్కా కూడా పైనే ఉంది. దారం తెంపడానికి చెయ్యి రాలేదు. సూదీ రీలూ ఊడదీసి దాంతోపాటే మడతపెట్టాను. విప్పేటప్పుడు చూసుకో, గుచ్చుకుంటుంది.