చీపురుపుల్ల, అట్టముక్క

బరంపురం

సౌభాగ్యవతి పుణ్యవతికి తవిటయ్య దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం కనుక రాశాను. మస్కట్‌లో నీ నర్సు డ్యూటీలు ఎలా ఉన్నాయి? ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు, చివరిదాకా చదువు.

మొన్న వీడియో కాల్‌లో రెండు అడిగావు. చికిటిలో మా అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, మళ్ళీ అందరినీ తిడుతోంది. రెండోది, బల్లమీద ఆ చీపురుపుల్లలూ అట్టముక్కలూ ఏమిటని.

అవి మన చందన లెక్కల పాఠం. ప్లస్ టూలో గీతలూ తలాలూ వచ్చాయి. అట్ట తలం, పుల్ల గీత. పుల్లను అట్టలోంచి గుచ్చితే రెండూ కలిసేది ఒక్క బిందువు దగ్గరే. అట్టమీద పడుకోబెడితే పుల్లంతా కలుస్తుంది. పైన ఎడంగా, సమాంతరంగా పట్టుకుంటే ఎంత పొడిగించినా కలవదు. రెండు అట్టలకు గాట్లు పెట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చితే, కలిసేచోట గీత ఏర్పడుతుంది. ఆ గీత వెంట వేలు నడిపించి, "ఇది తెలిసింది నాన్నా" అంది. పైన పట్టుకున్న పుల్ల దగ్గరే ఆగిపోయింది.

"తగిలినవే నాకు తెలస్తన్నాయి. తగల్నిది ఉందో లేదో ఎలాగ? సెప్పు నాన్నా."

ఇరవయ్యేళ్ళుగా ఈ పాఠం చెబుతున్న మేష్టారినై ఉండీ, "ముందు పాఠం కానీ" అని కసిరాను. నా పాడు కోపం నీకు తెలుసు కదా.

పుణ్యా, అది ఎందుకు తడుముతోందో నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. మొదటి కంటికి చేయించిన ఆపరేషనుతో చూపు మెల్లగా వస్తుందని దానికీ నీకూ ఒకే అబద్ధం చెప్పాను. రెండో కన్నూ పోతోంది. ఇక చేసేదేమీ లేదన్నాడు డాక్టరు. వీడియోలో నీవైపు సూటిగా చూస్తోందని మురిసిపోయావే, గడ్డం పట్టి ఫోనువైపు తిప్పింది నేను. ఫోనులో నిజం చెబుదామంటే పక్కనుండి వింటుంది. కాగితమైతే చదవలేదు. అందుకే ఈ ఉత్తరం. ఛీ, ఏం బతుకిది!

పొద్దుటి ఎండలో, కిటికీ దగ్గర, మొహంలో మొహం పెడితే ఇంకా ఆనవాలు పడుతోంది. ఫోనులో బొమ్మ కనపడదు. సెలవివ్వకపోతే ఉద్యోగం మానేసి వచ్చెయ్యి. ఆ కాస్త వెలుగూ ఆరిపోకముందే నీ ముఖం ఒక్కసారి చూడనీ. నాకు ఇంకే ఆశా లేదు.

ఇప్పుడే వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఏటి రాస్తన్నావు నాన్నా?" అంది. పరీక్ష పేపర్లు దిద్దుతున్నానన్నాను. కాగితం మీదకు వంగి చాలాసేపు చూసింది.

"ఎర్ర సిరాయేనా?"

నీలం సిరా ఇది, నీకు కనిపిస్తూనే ఉంటుంది. అవునమ్మా అన్నాను.

ఇట్లు,
చందన నాన్న
తవిటయ్య