బందరు నుంచి వచ్చిన సీసా

బాపూ,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ బందరు నుంచి ఒక సీసా వచ్చింది. నీకు చెప్పకుండా ఎలా ఉండను?

లాల్‌దర్వాజాలో ఇప్పుడు ఎవరిని చూసినా టోపీలే. తలపాగాలకు రంగు వేసే మన కాగు కింద వారానికి రెండు రోజులే మంట. అందుకే నీ అల్లుడు, మా బావ, బందరు వచ్చేయమంటున్నాడు. ఓడలు రాక ఊరు పాడుబడిందట, సగం ఇళ్లకు తాళాలేనట. అయినా అద్దకం వాళ్లు రంగు పని తెలిసిన మనిషి కోసం చూస్తున్నారట.

నీళ్లు చూడనిదే ఊరు మారొద్దని నువ్వే అనేవాడివి. అక్కడి బావి నీళ్లు పంపమని రాశాను. నీ తలపాగాలో జానెడు ముక్క చింపి, సీసాలో వచ్చిన నీళ్లలో గులాబీ రంగు కలిపి ముంచాను. గుడ్డంతా మచ్చలు పడ్డాయి. నీ కోడలు సీసాలో వేలు ముంచి నాకి చూసింది.

"గివి బావి నీళ్లా? నోట్ల పెట్టరానంత ఉప్పున్నయి!"

అప్పుడు సీసాకు చుట్టిన చీటీ విప్పాను.

"బావి నీళ్లల్ల ఏమున్నది బామ్మర్దీ? నువ్వు సముద్రం ఎన్నడు చూడలే గదా, గందుకే దాని నీళ్లే పంపిన" అని రాశాడు బావ.

ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం. తర్వాత నేనూ నాకి చూశాను. నువ్వూ సముద్రం చూడలేదు కదా, బాపూ. ఇంత ఉప్పు పక్కన బావి తియ్యగా ఎలా ఉంటుంది?

శుక్రవారం రైలెక్కుతున్నాను. నీ తలపాగాలో ఇంకో ముక్క చింపి మూటలో పెట్టుకున్నాను, బావి దగ్గర ముంచి చూడటానికి. ముందు సముద్రం దగ్గరికే పోతానేమో, కోప్పడకు.